కొసరు రాయి మీది పువ్వు

మహబూబాబాద్‌లో మాది ఉప్పు, పప్పు, బెల్లం అమ్మే దుకాణం. ఏ సరుకు కొన్నా చివర్న కొసరు అడగకపోతే మా ఇంట్లో బేరం ముగిసినట్టు కాదు. హైదరాబాద్‌లో సముద్రపు అక్వేరియం సామాను అమ్మే అతని దగ్గర కూడా అదే చేశాను. తొట్టిలో పెట్టే రాళ్లన్నీ తూకమయ్యాక, మూలన నీళ్లలో పడి ఉన్న పిడికెడు రాయి చూపించి, "గిది కొసరు వెయ్యన్నా" అన్నాను.

"దాన్ని నేనింకా సూడలేదు సేటూ. అండ్ల ఏమున్నదో తెల్వదు."

"తెల్వనిదానికి ధర ఎట్ల కడ్తవ్? ఊకెనే వెయ్యి."

వేశాడు.

"దుకాణంల ఉప్పు బస్తాలున్నయి, ఈయన చేపలకు వేరే ఉప్పు కొంటడు" అని బాపు వచ్చినవాళ్లందరికీ చెప్పుకున్నాడు. కురవి నుంచి సరుకులకొచ్చే అవ్వ తొట్టిలోకి తొంగి చూసి, "రాళ్లను పెంచుతున్నవా బిడ్డా?" అని, జవాబు కోసం ఆగకుండా చింతపండు వైపు తిరిగింది.

ఆ తొట్టిలో నా భార్యది ఒక ఆకుపచ్చ పగడం. కొత్తిమీర కట్టంత ఉంటుంది. పెండ్లిరోజుకు చీర వద్దని అదే తెప్పించుకుంది. పొద్దున అది విచ్చుకోవడం చూశాకే పొయ్యి మీద టీ పెట్టేది.

కొన్నాళ్లకు కొసరు రాయి మీద గోధుమరంగు పువ్వొకటి లేచింది. సన్నటి కాడ, చుట్టూ తీగలు. నీడ పడితే చాలు, లోపలికి జారుకునేది. ఊరికే పగడం దొరికిందని మురిసిపోయి, రొయ్య తునకలు పెట్టి మేపాను. అది లావయ్యేసరికి నాలోని వ్యాపారి ఆగలేకపోయాడు. పగడాన్ని ముక్కలు చేస్తే ముక్కకొకటి మొలుస్తుందని ఎక్కడో చదివాను. బ్లేడుతో కోసి ముక్కల్ని అక్కడక్కడా పెట్టాను. పెరిగాక హైదరాబాద్ అతనికే అమ్మాలని ఆలోచన.

ముక్కలన్నీ బతికాయి.

"నీ పువ్వు తీగ తాకినకాడ నా పగడం ముడుసుకుంటున్నది" అన్నది నా భార్య. "మళ్ల ఇప్పుతలేదు."

"నీళ్లు మార్చినం కదా, అట్లనే ఉంటది."

"నీళ్లదే అయితే అవుతలి దిక్కు ఎందుకు మంచిగున్నది?"

పువ్వునూ పగడాన్నీ వీడియో తీసి అమ్మినతనికి పంపాను. వెంటనే ఫోన్ చేశాడు. స్పీకర్ పెట్టాను.

"గది పగడం కాదు సేటూ, ఐప్టేషియా. సముద్రపు కలుపు. టికెట్ లేకుంట రాయెక్కి వస్తది. పక్కనున్నదాన్ని కుట్టి సంపుతది. కొయ్యకు, తునకొక్కటి మిగిలినా మళ్ల లేస్తది."

"కోసిన."

"మేపినవా?"

"రొయ్యలు పెట్టిన."

"ఇగ బారసాల చెయ్యి."

నా భార్య నవ్వలేదు. పగడంలో ఒక పక్క అప్పటికే తెల్లబడింది.

కొసరు రాయిని మిద్దె మీద ఎండుమిరపకాయల పక్కన ఆరేశాం. మిగతా రాళ్ల మీద లేచినవాటిని తినే రొయ్యలు ఉంటాయని అతను చెబితే, తేవడానికి హైదరాబాద్ పోయాం. ఈసారి ఆమె కూడా వచ్చింది, అతను చెప్పిన ధరకే ఒప్పుకుంది. అంతా అయ్యాక నా చెయ్యి దానంతటదే ముందుకు సాగింది.

"ఇంకేం కావాలె సేటూ?" అన్నాడతను.

ఆమె రొయ్యల సంచిని ఆ చేతిలో పెట్టి, "పట్టుకో" అన్నది.

రొయ్యలు పెట్టి మేపినదాన్ని రొయ్యలే తినేశాయి. పగడం సగమే దక్కింది. ఇప్పుడు ఆ సగం విచ్చుకున్నాకే మా ఇంట్లో టీ.