ముందు సీటులో మూట

లిఫ్టు ఇన్‌స్పెక్టరుకు ఒకే ఒక్క పట్టింపు ఉండేది. ఏ వస్తువైనా సరే, మనిషి ఎక్కేముందు దానిమీద మూట ఎక్కాలి. ముప్పై ఏళ్లు ఊళ్లో మేడలన్నీ తిరిగి, లిఫ్టుల్లో ఇసుక మూటలు పేర్పించి, పైకీ కిందికీ పంపించి, తాళ్లు నిలబడతాయని రూఢి చేసుకున్నాకే సంతకం పెట్టిన మనిషి. రిటైరైన రోజు ఆఫీసువాళ్లు వాలుకుర్చీ బహూకరిస్తే అందులోనూ మొదట మూటే కూర్చుంది. ఆనాటి ఫొటోలో ఆయన కుర్చీ పక్కన నిలబడి ఉంటాడు.

ఆయన భార్య టైలరు. మొగుడి సంగతి ఆవిడకు పెళ్లినాడే తెలిసిపోయింది. స్టేజీమీద వేసిన సోఫాలో ఆవిడ కూర్చోబోతుంటే పెళ్లికొడుకు చెయ్యి అడ్డంపెట్టి, వంటలవాళ్ల దగ్గర్నుంచి రెండు బియ్యం బస్తాలు తెప్పించాడట. వరసలో వచ్చిన బంధువులు అరగంటసేపు బస్తాలకే అభినందనలు చెప్పి దిగిపోయారని ఆవిడ అంటుంది. అందులో కొంత కల్పన ఉంది. వచ్చింది ఒక్క బస్తానే. కూతురు పుట్టాక ఉయ్యాలలో కూతురికంటే ముందు గుమ్మడికాయ ఊగిందన్నది మాత్రం నిజం.

ఆ కూతురు ఇప్పుడు ఊరి అవతల ఆసుపత్రిలో నర్సు. అమ్మానాన్నల పెళ్లయి ముప్పై ఏళ్లయిన సందర్భానికి పెద్ద సంచీ ఒకటి మోసుకొచ్చింది. విప్పితే గాలి నింపుకునే పడవ. కయాక్ అంటారట. ముందొకరు, వెనకొకరు కూర్చుని తెడ్లు వేసుకుంటూ పోవచ్చు.

టైలరమ్మ ఆ పడవను చాలాసేపు నిమురుతూ కూర్చుంది. ఆవిడ పుట్టింది రేవు పక్కన. నాన్న బల్లకట్టు నడిపేవాడు. రెండేళ్ల కిందట మెట్లమీంచి పడి ఎడమ మోకాలికి ఆపరేషన్ అయినప్పటినుంచీ ఆ కాలు వంగదు. బస్సు సీట్లు, సినిమాహాలు సీట్లు, ఆటోలు, అన్నీ ఒక్కొక్కటిగా ఆవిడ లెక్కలోంచి పోయాయి. ముందుగది, కుట్టుమిషను, కుడికాలితో తొక్కే పెడలు, అదే లోకమైపోయింది.

"ఇందులో కాళ్లు చాపుకునే కూర్చోవాలమ్మా. నీకోసమే చేసినట్టుంది," అంది కూతురు.

"ఈ ఆదివారం వెళ్దామండీ," అంది ఆవిడ మొగుడితో.

"ముందు మూట," అన్నాడాయన.

వానలు మొదలైతే చెరువులోకి ఎవర్నీ దిగనివ్వరు. అప్పటికి ఇంకా ఆరు ఆదివారాలే ఉన్నాయి. ఆవిడ గోడమీది క్యాలెండరులో ఆరింటికీ సుద్దముక్కతో సున్నాలు చుట్టింది.

మొదటి ఆదివారం పడవ ముందుగది దాటలేదు. కాలిపంపుతో గాలి నింపడానికి పదకొండు నిమిషాలు పట్టింది. రెండు పక్కలకూ అడుక్కూ వేర్వేరు గాలి అరలు. ప్రతి వాల్వు మీదా సబ్బునీళ్లు పోసి బుడగలొస్తున్నాయేమో చూశాడు. ఆ తర్వాత గాలి దిగుతుందేమో చూడాలని వారమంతా దాన్ని అక్కడే ఉంచాడు. బట్టలు కుట్టించుకోవడానికి వచ్చినవాళ్లు పడవలో నిలబడే కొలతలిచ్చారు. ఒకావిడ ఇది ఎన్నింటికి బయల్దేరుతుందని అడిగింది.

రెండో ఆదివారం దాన్ని మడిచి మళ్లీ సంచీలో పెట్టే పరీక్ష. మూడు గంటలు మడిచాడు, గాలి పోవాలని దానిమీద కూర్చున్నాడు, పడుకున్నాడు. చివరికి జిప్పు ఊడింది. పడవ పరీక్షలకోసం పెట్టుకున్న రిజిస్టరులో "సంచీ: ఫెయిలు" అని రాసి కింద గీత గీశాడు.

ఆ తర్వాత భార్య చేతికి ఒక చీటీ ఇచ్చాడు. కాన్వాసు గుడ్డతో ఒక పెద్ద సంచీ, రెండు పొడుగు సంచులు కుట్టాలి. కొలతలు పావు అంగుళం తేడా లేకుండా రాసి ఉన్నాయి. పని తెలిసిన మనిషి రాసినట్టుందని ఆవిడ ముచ్చటపడి, దేనికని పెద్దగా అడక్కుండానే కుట్టిపెట్టింది. అదే పొరపాటు. మూడో ఆదివారం ఆయన సైకిల్ రిక్షాలో పడవనెక్కించి, పక్కన దుప్పటి కప్పిన మూటను కూర్చోబెట్టి చెరువుకు బయల్దేరాడు. మూట తలమీద టోపీ కూడా ఉంది. కూతురు అమ్మకోసం కొన్న లైఫ్ జాకెట్ కూడా మూటకే తొడిగాడు.

వరసగా మూడు ఆదివారాలు మూటే షికారు చేసింది. ఎదురింటివాళ్లు, మీవారు ఎవరినో ముందు కూర్చోబెట్టుకుని తిప్పుతున్నారండీ అని టైలరమ్మకు చెప్పారు. ఈ గోల చాలదన్నట్టు, అలవాటైన పాత చెప్పుల జతలో ఎడమ చెప్పు కనపడకుండా పోయింది. ఇల్లంతా వెతికింది. దొరకలేదు.

అయిదో ఆదివారం దాటాక చెరువు కాపలాదారు యూనిఫాం చేతులు కురచ చేయించుకోవడానికి వచ్చాడు. కొలత ఇస్తూనే నసిగాడు.

"అమ్మా, అనకూడదు గానీ, సారుకి ఒంట్లో బాగానే ఉందా?"

"ఏం చేశారు?"

"పడవని ఆయనే బోల్తా కొట్టిస్తాడు. మూట నీళ్లలో పడుతుంది. ఈయన దాని చంకల కింద చేతులేసి, కంగారుపడకు, కంగారుపడకు అని చెబుతూ పైకి లాగుతాడు."

"మూటతో అంటారా?"

"మూటతోనేనమ్మా. ఎంతో మర్యాదగా."

ముప్పై ఏళ్లలో తనతో ఎన్నిసార్లు అంత మర్యాదగా మాట్లాడాడో టైలరమ్మ గుర్తుచేసుకోబోయి ఊరుకుంది. మొగుడు ఇంటికి రాగానే తేల్చిచెప్పింది.

"ఈ ఆదివారం నేను వస్తున్నాను."

"పరీక్ష పూర్తికాలేదు. ఒకటి మిగిలింది."

"ఆ మూటనే పెళ్లి చేసుకోవాల్సింది మీరు."

ఆయన కాసేపు ఆలోచించాడు. "మూట ఇంత తొందరపెట్టదు," అన్నాడు.

ఆఖరి ఆదివారం తెల్లారేసరికి మబ్బు పట్టి ఉంది. ఆయన రిక్షా కోసం వీధి చివరికి వెళ్లాడు. టైలరమ్మ గుడ్డలు కత్తిరించే పెద్ద కత్తెర తీసుకుని పెరట్లో రేకుల షెడ్డుకు నడిచింది. మూట పొట్ట చీల్చి ఇసుకంతా నేలపాలు చెయ్యాలన్నది ఆవిడ ఉద్దేశం.

పడవ షెడ్డులో సిద్ధంగా ఉంది. ముందు సీటులో మూట దర్జాగా కూర్చుని ఉంది. ఆవిడ దుప్పటి లాగేసింది.

మూటకు రెండు కాళ్లున్నాయి. కుడికాలు మోకాలి దగ్గర వంగి ఉంది. ఎడమకాలు వంగలేదు. తొడనుంచి మడమదాకా వెదురుబద్ద పెట్టి కట్టాడు. ఆ కాలికి ఆవిడ పోయిన చెప్పు ఉంది. మెడలో వేలాడే అట్టముక్క మీద అరవైనాలుగు కిలోలు అని రాసి ఉంది. కిందటి నెల కూతురు ఆసుపత్రిలో ఆవిడను తూచినప్పుడు వచ్చిన అంకె అదే.

పక్కనే రిజిస్టరు. ఆవిడ తెరిచింది.

"గట్టుమీంచి నేరుగా ఎక్కించడం: ఎడమకాలు అంచుకు తగులుతోంది. ఫెయిలు."

"పీట వేసి, వెనక్కి తిప్పి కూర్చోబెట్టి, ఆనక కాలు లోపలికి: పాస్."

"ముందు సీటు జానెడు వెనక్కి జరిపాను. కాలు పూర్తిగా చాపుకుంటోంది. వెనక మనిషికి చోటు చాలదు. వెనక మనిషిని నేనే కాబట్టి పాస్."

"బోల్తాపడితే మళ్లీ ఎక్కించడం: పద్నాలుగు నిమిషాలు. ఫెయిలు." దాని కింద తొమ్మిది. దాని కింద నాలుగు. చివర, "రెండు నిమిషాలు. ఇంకొక్కసారి చూసుకోవాలి."

టైలరమ్మ కత్తెర తెరిచి, మూట భుజం దగ్గర వేలాడుతున్న దారప్పోగును కత్తిరించింది. అంతకుమించి ఏమీ చెయ్యలేదు.

రిక్షా తెచ్చుకుని వచ్చిన ఇన్‌స్పెక్టరుకు మూట గోడవార కూర్చుని కనిపించింది. పడవ ముందు సీటులో భార్య ఉంది. లైఫ్ జాకెట్ వేసుకుని, పోయిన చెప్పు తొడుక్కుని, ఎడమకాలు చాపుకుని.

"ఎలా ఎక్కావు?"

"పీట వేసుకుని. వెనక్కి తిరిగి. మీ రిజిస్టరులో ఉందిగా."

"దిగు. ఆ ఒక్క పరీక్షా..."

"దిగడం గురించి మీరేం రాయలేదు. నాకు తెలీదు."

ఆయన రిజిస్టరు తీసి మొదటి పేజీ నుంచి చివరిదాకా తిప్పాడు. నిజంగానే రాయలేదు.

రిక్షావాడి సాయంతో ఆవిడను పడవతో సహా రిక్షామీదికి ఎత్తించాడు. మధ్యాహ్నానికి ముందే చెరువులో కయాక్ కదిలింది. కాపలాదారు గట్టుమీదే నిలబడ్డాడు. ఈసారి ముందు సీటులోది తెడ్డు వేస్తోందని గమనించి టోపీ తీశాడు. తెడ్డు వెయ్యడం ఎలాగో ఆవిడకు ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. వెనక ఇన్‌స్పెక్టరు రెండు మోకాళ్లూ గడ్డానికి ఆనించుకుని, మడతమంచంలా ముడుచుకుపోయి ఉన్నాడు.

"మరీ ముందుకు వంగకు. మూట వంగేది కాదు," అన్నాడు.

"మూట మిమ్మల్ని ఎప్పుడైనా ఇరుగ్గా ఉందా అని అడిగిందా?"

"లేదు."

"ఇరుగ్గా ఉందా?"

"పాస్," అన్నాడాయన.

ఆవిడ నవ్వి మాటలందుకుంది. రేవు, నాన్న బల్లకట్టు, పెళ్లినాటి బియ్యం బస్తాలు, జిప్పు ఊడిన సంచీ, టోపీ మూటకు నప్పకపోవడం, ఏదీ వదల్లేదు. చెరువు రెండుసార్లు చుట్టి వచ్చేదాకా ఆపలేదు. తొలి చినుకులు పడ్డాయి. గట్టు చేరాక ఇన్‌స్పెక్టరు ముందు భార్యను పీటమీదకు దింపాడు. అందుకు మూడు నిమిషాలు పట్టింది. ఆ తర్వాత తన కాళ్లు చాపుకోవడానికి ఆయనకు ఆరు పట్టాయి. జేబులోంచి రిజిస్టరు తీసి, తడవకుండా ఒళ్లో దాచుకుని రాశాడు.

"మాట్లాడే బరువుతో పరీక్ష: ఒక్కసారితో తేలలేదు. వానలు తగ్గాక ప్రతి ఆదివారం చూడాలి."