ముందు నడిచిన ఇద్దరు

మా ఇంట్లో దెయ్యాల కబుర్లకు చోటుండేది కాదు. మాది రాజమండ్రిలో లూథరన్ కుటుంబం. ఎవరైనా అలాంటి మాటలు మొదలుపెడితే మా నాన్నగారు లేచి వెళ్ళిపోయేవారు. నేను హైస్కూల్లో సైన్సు చెప్పేదాన్ని. దెయ్యాలున్నాయంటే ఇప్పటికీ ఒప్పుకోను. కానీ ఆ రోజు అడవిలో విన్నది మాత్రం విన్నాను. నేనొక్కదాన్నే కాదు, మా వారూ విన్నారు.

తొంభైల చివర్లో సంగతి ఇది. మా వారు ప్రభాకర్ ధవళేశ్వరంలో ఇరిగేషన్ ఇంజనీరు. ఆ ఏడాది వేసవిలో నాకు ఆరో నెలలో కడుపులో బిడ్డ పోయింది.

తర్వాత మా ఇంట్లో మాటలు తగ్గిపోయాయి. పోట్లాటేమీ లేదు. ఆ ఊసెత్తితే నేను ఏడుస్తానని ఆయన భయం, ఆయన తట్టుకోలేరని నా భయం. పోనుపోను కూరేం వండాలో కూడా అడగడం మానేశాను.

కాలేజీ రోజుల్లో ఆయన మారేడుమిల్లి అవతలి కొండల్లో నడిచారట. దసరా సెలవుల్లో ఉన్నట్టుండి, "ఆ దారిలో మళ్ళీ నడవాలనుంది, వస్తావా?" అన్నారు. ఎందుకో సరేనన్నాను. రోడ్డు మీద బస్సు దిగి, కాలిబాట పట్టుకుని కొండెక్కి దిగితే సాయంత్రానికి అవతల కొండరెడ్ల ఊరొకటి వస్తుంది. అక్కడి స్కూలు మాస్టారు ఆయనకు తెలిసినవారే. రాత్రికి వాళ్ళింట్లో ఉండొచ్చు.

వీపున బరువైన సంచులతో పొద్దున్నే బయల్దేరాం. ఆయన ముందు, నేను వెనక. వెదురు పొదలు, తడి ఆకులు, మా బూట్ల చప్పుడు. అంతే. ఎంతసేపు నడిచినా ఒక్క మాట లేదు.

కొండ సగం ఎక్కాక ముందు ఎవరో మాట్లాడుకుంటున్నట్టు వినిపించింది. ఒక మగ గొంతు, ఒక ఆడ గొంతు. మాటలు అందడం లేదు గానీ యాస మాత్రం మన గోదావరి జిల్లాలదే. ఆవిడ మధ్యమధ్య పకపకా నవ్వుతోంది. మా వారు ఆగి నా వైపు తిరిగారు.

"ముందెవరో ఉన్నారు కదూ?"

"మనవైపు వాళ్ళే అనుకుంటానండీ."

ఆ రోజు మేం మాట్లాడుకున్న మొదటి మాటలవి.

వాళ్ళను కలుసుకుందామని వేగం పెంచాం. ఎప్పుడూ ముందు రాబోయే మలుపు దగ్గరే ఉన్నట్టు వినిపించేవారు, తీరా వెళ్తే ఎవరూ ఉండరు. నాకు భయం వెయ్యలేదు సరికదా, ఆ కబుర్లు వింటూంటే సంచి బరువే తెలియలేదు. "అంతేసి కబుర్లు ఏముంటాయో వీళ్ళకి!" అన్నాను. ఆయన నవ్వారు. ఆ నవ్వు చూసి ఎన్నాళ్ళయిందో.

మధ్యాహ్నం దాటాక వాన పట్టుకుంది. కొండ దిగేసరికి వాగు అడ్డొచ్చింది. బాట నేరుగా నీళ్ళలోకి దిగి అవతలి గట్టెక్కుతోంది. మోకాళ్ళ లోతే అనిపించింది. ఆయన ప్యాంటు మడుచుకుని కాలు పెట్టారు. అప్పుడు ఆ ఆడ గొంతు స్పష్టంగా, గట్టిగా వినిపించింది.

"అక్కడొద్దండీ! పైకి రండి, పైకి!"

పిలుపు వాగు ఎగువ నుంచి వచ్చింది. ఆయన కాలు వెనక్కి తీసుకున్నారు. రాళ్ళు పట్టుకుంటూ గట్టు వెంటే పైకి వెళ్ళాం. కొంత దూరంలో పెద్ద మద్దిచెట్టు వాగుకు అడ్డంగా పడి ఉంది. చేతులు పట్టుకుని దాని మీద నడిచి దాటాం. అవతల దిగామో లేదో, పెద్ద హోరు. ఎర్రటి నీళ్ళు కొమ్మల్నీ రాళ్ళనీ దొర్లించుకుంటూ వచ్చి, ఆయన కాలు పెట్టిన చోటును ముంచేశాయి.

నేను అక్కడే చతికిలబడ్డాను. ఆయన "ఎక్కడున్నారండీ?" అని కేకేశారు. జవాబు లేదు. ఆ గట్టంతా తడి ఇసుక. మా బూట్ల గుర్తులు తప్ప ఒక్క అడుగు జాడ లేదు.

అప్పుడు ఏడ్చాను. బిడ్డ పోయాక ఆయన ఎదుట ఏడవడం అదే మొదలు. ఆయనా ఏడ్చారు. పాపకు ఒక పేరు అనుకుని, తన మనసులోనే దాచుకున్నారని నాకు అప్పుడే తెలిసింది. ఆ వానలో ఆ పేరు ఇద్దరం పైకి పలికాం.

చీకటి పడకముందే ఊరు చేరాం. మాకంటే ముందు ఎవరైనా వచ్చారా అని మాస్టారి భార్యను అడిగాను.

"ఈ వానలో ఎవరొస్తారమ్మా? మీరు తప్ప ఎవరూ రాలేదు."

ఆ బాట ఊళ్ళోంచే పోతుంది, వేరే దారి లేదు. ఎవరైనా అడవిలో చిక్కుకున్నారేమోనని మర్నాడు ఊరివాళ్ళు వెళ్ళి వెతికారు కూడా. ఎవరూ కనిపించలేదు.

రాజమండ్రి దాకా బస్సులో మాట్లాడుకుంటూనే వచ్చాం. మా గొంతులే కొండకు తగిలి తిరిగొచ్చి ఉంటాయని ఆయన కొన్నాళ్ళు వాదించారు.

"మనం మాట్లాడుకుంటే కదండీ తిరిగి రావడానికి?" అన్నాను.

ఆ తర్వాత ఆయన ఆ వాదన మానేశారు. వాళ్ళెవరో, అసలు ఉన్నారో లేదో కూడా తెలియదు. ప్రార్థనలో మాత్రం వాళ్ళను తలుచుకుంటాను. పేర్లు తెలియవు కదా, "ఆ ఇద్దరినీ చల్లగా చూడు ప్రభువా" అంటాను. పక్కన మా వారు ఆమెన్ అంటారు.