నూలు కాటా ఎక్కిన మా అమ్మాయి

నేను అనుమానపు మనిషిని. గొప్ప కోసం చెప్పడం లేదు, మా పనే అటువంటిది. మైదుకూరులో మా ఇంటి వసారాలో కూర్చుని మగ్గాల వాళ్లకు నూలు తూచి ఇస్తాను. వాళ్లు చీరలు నేసి తెస్తే మళ్లీ తూచి తీసుకుంటాను. ఇచ్చిన నూలుకూ వచ్చిన చీరలకూ తేడా ఉందంటే మధ్యలో ఎవరో చెయ్యి పెట్టినట్టే లెక్క. ఇరవై ఏళ్లుగా ఎదుటి మనిషి మొహం కంటే కాటా మీది అంకెనే ఎక్కువ చూశాను.

నిరుడు మా అమ్మాయి అయిదో తరగతికి వచ్చింది. బడి తెరిచినప్పుడు కుట్టించిన డ్రస్సు దసరాకే బిగుతైంది. మెట్లెక్కితే ఆయాసపడేది. బళ్లో ఎవరో ఏదో అన్నారని రెండు రోజులు ఇంట్లోంచి కదల్లేదు. మా నాయనకు చక్కెర జబ్బు ముదిరి కాలు తీసేశారు. ఆయన పోయినా ఆ కాలు నా కళ్లముందే మెదులుతోంది కాబట్టి భయపడి కడపకు తీసుకుపోయాను. నా భార్యా, మా అమ్మా కూడా వచ్చారు.

అక్కడి డాక్టరమ్మ రక్త పరీక్షలు చూసి, ఇంకా జబ్బు రాలేదు గానీ ఇప్పుడే జాగ్రత్త పడాలని చెప్పింది. చాలాసేపు మాట్లాడి, చివరికి ఒక్క మాత్ర కూడా రాయలేదు. "పాప ఒక్కదానికే పథ్యం పెట్టొద్దు. ఇంట్లో అందరూ మారండి. ఆమెకు పెట్టేదే మీరూ తినండి. సాయంత్రం కలిసి నడవండి. టీవీ ముందర కంచం పెట్టుకోవద్దు. ఊరికే తూకం చూడొద్దు, మూడు నెలలకొకసారి తీసుకొస్తే నేను చూస్తాను" అంది. మందు రాయని డాక్టరును నేను అంతవరకు చూడలేదు. తిరుగు బస్సులో నా భార్యతో, "ఈమెకు ఏమీ తెలిసినట్టు లేదు, పనంతా మన మీదికి తోసేసింది" అన్నాను.

నా భార్య మాత్రం ఆమె మాట పట్టుకుంది. కూల్ డ్రింకు సీసాలు, చిప్సు ప్యాకెట్లు ఇంట్లోకి రావడం ఆగిపోయింది. రాత్రికి సంగటి, ఆకుకూర పప్పు. మిరపకాయ బజ్జీల మూకుడు అటక ఎక్కింది. పొద్దు వాలగానే మా అమ్మను కూడా లేపి, అమ్మాయి చెయ్యి పట్టుకుని పొద్దుటూరు రోడ్డు మీద నడిచేది. నేను రెండు రోజులు వెళ్లాను. మూడో రోజు మగ్గాల వాళ్లు వస్తారని చెప్పి ఆగిపోయాను. పొద్దున బస్టాండు దగ్గర తినే కారం దోసె కూడా మానలేదు. ఇంట్లో తినేది కాదు కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఇప్పుడు రాస్తుంటే సిగ్గుగా ఉంది.

రెండు నెలలు గడిచాయి. అమ్మాయి నా కంటికి అలాగే కనిపించింది. ఇంత కట్టుదిట్టం చేశాక తగ్గాలి కదా! తగ్గలేదంటే ఎవరో చాటుగా పెడుతున్నారు. మొదటి అనుమానం మా అమ్మ మీదికి పోయింది. ఆమె మంచం కింద ఉన్న రేకు డబ్బా తెరిచి చూశాను. బీపీ మాత్రలు, నాలుగు ఎండు ఖర్జూరాలు ఉన్నాయి. మరునాడు చూస్తే మూడే ఉన్నాయి.

"అమా, పాపకు ఖర్జూరం పెట్టినావా?"

"నేనే తిన్న్యాలేరా. నా మనవరాలికి నేను దొంగమాదిరి పెట్టాల్నా? ఇంత వయసొచ్చినంక నా డబ్బా ఎతుకుతాండావే, నీకేం పొయ్యేకాలం రా?"

ఆ తర్వాత నా అనుమానం పక్కింటి వాళ్ల మీదికి, బడి ముందరి అంగడి మీదికి మళ్లింది. అమ్మాయి ఇంటికి రాగానే సంచి తడిమేవాణ్ణి. ముద్దు చేస్తున్నట్టు చేతులు పట్టుకుని వేళ్లు వాసన చూసేవాణ్ణి. ఒకసారి శనగపిండి వాసన వచ్చినట్టు అనిపించి గద్దించాను. అది బళ్లో వాడే జిగురు అని ఏడుస్తూ చెప్పింది. నేను నమ్మలేదు.

డాక్టరమ్మ వద్దన్న పని నేను మొదలుపెట్టింది ఆ మరునాడే. బడికి పోయే ముందు అమ్మాయిని నూలు కట్టలు తూచే కాటా మీద నిలబెట్టాను. అక్కడితో ఆగితే బాగుండేది, రోజూ నిలబెట్టాను. నూలు తూచినప్పుడు ఎదుటివాడికి వినపడేలా అంకె పైకి చదవడం నాకు అలవాటు. అమ్మాయి అంకె కూడా అలాగే చదివాను. వసారాలో కూర్చున్న మగ్గాల వాళ్లు వినేవాళ్లు. ఆమె తల దించుకునేది. కొన్నాళ్లకు కాటా ఎక్కే ముందు కాళ్ల పట్టీలు, గాజులు, చివరికి జడపిన్నులు కూడా తీసి పక్కన పెట్టడం మొదలుపెట్టింది. చూడు, ఎంత గడుసుదో అనుకున్నాను.

నా భార్య ఒకరోజు ఉండబట్టలేక అరిచింది. "డాక్టరమ్మ అందురినీ మారమనింది. నిన్ను కాపలా కాయమని చెప్పలే. నువ్వేం మారినావో చెప్పు సామీ!"

కోపం తెచ్చుకుని బయటికి వెళ్లిపోయాను.

ఎండలు ముదిరి, ఒంటిపూట బడులు వచ్చాక అంకె తగ్గడం మొదలైంది. మొదట పావు కిలో, తర్వాత అర. నా ఆనందానికి పట్టపగ్గాలు లేవు. దొంగ ఎవరో గానీ నా నిఘాకు జడిసి చెయ్యి ముడుచుకున్నారని సంబరపడ్డాను. అమ్మాయిని అందరి ముందూ మెచ్చుకున్నాను. ఆమె నవ్వింది. ఆ నవ్వులో పగిలిన పెదాలు కనిపించాయి. చూశాను, ఎండలకే అనుకున్నాను.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం బడి టీచరమ్మ ఆటోలో అమ్మాయిని ఇంటికి తెచ్చింది. వరుసలో నిలబడి ఉండగా కళ్లు తిరిగి పడిపోయిందట. మొహం వడలిపోయి, నాలుక పిడచకట్టుకుని ఉంది. ఆ క్షణంలో కూడా నేను చేసిన పని చెప్తాను. బిడ్డను పట్టుకోకుండా సంచి పట్టుకున్నాను. బయట ఏం తిన్నదో అని కాగితాల కోసం వెతికాను. చేతికి నీళ్ల సీసా తగిలింది. పొద్దున వాళ్లమ్మ నింపి ఇచ్చింది ఇచ్చినట్టే ఉంది, మూత కూడా తియ్యలేదు.

"నీళ్లు తాగలేదేమ్మే? ఇంత ఎండలో?" అని వాళ్లమ్మ అడిగింది.

అమ్మాయి అమ్మ వైపు చూడలేదు, నా వైపు చూసింది.

"తడి ఉంటే తూకం ఎక్కువొస్తాదని నువ్వే గదా నాయనా చెప్తావు."

మగ్గాల వాళ్లలో నూలు మిగిల్చుకున్న వాళ్లు ఆ లోటు పూడ్చడానికి చీర మీద నీళ్లు చిలకరించి తెస్తారు. అందుకని ప్రతి చీరనూ వేళ్లతో పిసికి, తడి తగిలితే నలుగురిలో ఆ మనిషిని కడిగేస్తాను. పక్కన కూర్చుని హోంవర్కు రాసుకుంటూ మా అమ్మాయి ఏళ్ల తరబడి ఇది వింటోంది.

"రాత్రి పూట కూడా తాగను నాయనా. పొద్దున కాటా ఎక్కినంక తాగుదామనుకుంటా. మళ్లా రేపు ఎక్కాల గదా అని కొంచెమే తాగుతా" అంది. తప్పు ఒప్పుకుంటున్నట్టు మెల్లగా చెప్పింది.

ఇన్నాళ్లూ నేను వెతికిన దొంగ ఇంట్లో లేరు, పక్కింట్లో లేరు, అంగట్లో లేరు. మా అమ్మ మంచం మీది నుంచి లేచి వచ్చి మనవరాలి తల ఒళ్లో పెట్టుకుంది.

నా భార్య ఓఆర్ఎస్ ప్యాకెట్టు కలిపి తెచ్చింది. గ్లాసు నోటికి అందగానే అమ్మాయి గటగటా, ఊపిరి తీసుకోకుండా తాగేసింది. ఖాళీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని నన్ను అడిగింది.

"నాయనా, ఇంకొక గ్లాసు తాగొచ్చునా?"

"తాగమ్మా, ఎంత కావాలంటే అంత తాగు" అన్నాను. నేనే లేచి గ్లాసు నింపి ఇచ్చాను.

అమ్మాయి గ్లాసు అందుకోలేదు. వాళ్లమ్మ వైపు తిరిగి చూసింది. ఆమె తల ఊపాకనే చెయ్యి చాచింది.