రెండూ నలభైకి తెగిపోయే కనెక్షన్

మా గుంపులో ఒక కట్టుబాటు ఉంది. లాగ్ లేకుండా ఎవడూ నోరెత్తకూడదు. లాగ్ అంటే మిషన్ తను ఏ గంటకి, ఏ నిమిషానికి ఏం చేసిందో తనకు తానే రాసుకునే చిట్టా. "నా కంప్యూటర్ ఊరికే ఆగిపోతోంది" అని ఎవడైనా ఏడిస్తే మా దగ్గర ఓదార్పు దొరకదు. "లాగ్ పెట్టు" అంటాం. పెట్టలేదా, వాడి గోడు వినే నాథుడుండడు.

మేం ఏడుగురం, అందరమూ కంప్యూటర్ల పిచ్చి ఉన్నవాళ్ళమే. ఫోన్లో ఒక గ్రూపు, ఆదివారం పొద్దున్న హార్బరు పక్క పాత ఊళ్ళో మా స్నేహితుడి సెల్‌ఫోన్ రిపేరు కొట్లో టీ. అభిప్రాయాలకు మాత్రం లోటు లేదు. ప్రాసెసర్ వేడెక్కకుండా పూసే పేస్టు బఠాణీ గింజంత పెడితే చాలా, లేక అంతా పులమాలా అన్న దాని మీద ఇద్దరు రెండు నెలలు మాట్లాడుకోలేదు. సముద్రం గాలికి మదర్‌బోర్డు తుప్పు పడుతుందని ఒకడు కంప్యూటర్‌కి దుప్పటి కప్పాడు. అది వేడెక్కి చచ్చాక కూడా గాలినే తిట్టాడు. వీళ్ళందరిలోకీ బుర్ర ఉన్నవాణ్ణి నేనేనని నా నమ్మకం. చెప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది గానీ, అప్పుడు గట్టిగానే నమ్మాను.

మా నాన్న హార్బరు దగ్గర ఒక చిన్న వర్క్‌షాపులో పనిచేశాడు. ఇనుప రేకుల మీద సుత్తి వేసి తుప్పు రాల్చే పని. ఆ పని మానేసేసరికి చెవులు సగం పోయాయి, డెబ్భై దాటాక మిగతా సగంలో సగం పోయింది. ఉక్కునగరంలో నా క్వార్టర్లో మాతోనే ఉంటాడు. సీతమ్మధారలో ఒక చెవి క్లినిక్‌కి తీసుకెళితే, పరీక్ష చేసిన అమ్మాయి నన్ను పక్కకి పిలిచింది. సమస్య చెవి ఒక్కటే కాదట. ఇన్నేళ్ళుగా సరిగా వినక, మాటల్ని గుర్తుపట్టడం మెదడే మర్చిపోతోందట. మిషన్ పెట్టుకుని, లేచింది మొదలు పడుకునే దాకా మనుషుల మాటలు వింటూ ఉంటే ఉన్నది నిలుస్తుంది. అశ్రద్ధ చేస్తే ఆ తర్వాత ఎంత మంచి మిషన్ తెచ్చినా చప్పుడు వినబడుతుంది గానీ మాట అర్థం కాదు. "ఈ ఏడాదే ముఖ్యమండి" అంది. నేను వెంటనే మిషన్ల ధరలు అడిగాను. నాన్న మాత్రం గోడ మీద చెవి బొమ్మ చూస్తూ తాపీగా కూర్చున్నాడు.

అందుకని మంచి మిషన్లే కొన్నాను, బ్లూటూత్ ఉన్నవి. శబ్దం పెంచడం, తగ్గించడం, ముందు నుంచి వచ్చే మాటే వినిపించి చుట్టూ ఉన్నది నొక్కేయడం, అన్నీ ఫోన్లో యాప్ నుంచే. నాన్నది బటన్ల ఫోను. కాబట్టి యాప్ నా ఫోన్లో వేసుకున్నాను. ఇందులో తప్పుందని ఎవరికీ తోచలేదు, నాకైతే అసలే తోచలేదు.

ఇక చూడండి నా వైభవం. డ్యూటీ నుంచి వచ్చి బూట్లు కూడా విప్పకుండా నాన్న వెనక నిలబడి తాళాలు ఆడించేవాణ్ణి. "వినబడతందా నాన్నా? కుడేపా, ఎడమేపా? పదికి ఎన్ని మార్కులేత్తావు?" అని అడిగేవాణ్ణి. ఆయన చెప్పే లోపే ఫోన్లో ఒక గీత పైకి జరిపి, "ఇప్పుడో?" అనేవాణ్ణి. గ్రూపులో స్క్రీన్‌షాట్లు పెడితే అందరూ చప్పట్లు కొట్టారు.

నాలుగో నెలలో మొదలైంది గోల. నేను ఇంటికొచ్చి పలకరిస్తే నాన్న ఉలకడు, పలకడు. యాప్ చూస్తే కనెక్షన్ లేదంటుంది. మిషన్లు చూస్తే చెవులకే ఉన్నాయి. "ఆగిపోనాదా నాన్నా?" అని చెవి దగ్గర అరిస్తే, "బాగానే ఉంది" అనేవాడు. బాగుండటమేమిటి నా మొహం. మళ్ళీ సీతమ్మధార పరుగెత్తాను. ఆ అమ్మాయి మిషన్లు పరీక్షించి, వీటిలో ఏ లోపమూ లేదండి అంది. ఆమె మాట అక్కడితో నమ్మితే నేను నేనెందుకవుతాను. కానీ లోపల భయం. ఏడాదిలో నాలుగు నెలలు అప్పుడే అయిపోయాయి.

గ్రూపులో పెట్టాను. గుబిలి అడ్డం పడిందన్నాడొకడు. బియ్యం డబ్బాలో పెట్టమన్నాడొకడు. "ఆ కంపెనీది కొన్నప్పుడే తప్పు సేసినావు బావా, నన్నడిగితే సెప్పుదును" అన్నాడు దుప్పటి కప్పినవాడు. పాత ఊరి స్నేహితుడు మాత్రం ఒకటే రాశాడు: "లాగ్ ఏది బావా?"

నిజమే కదా అనిపించింది. టీవీ పక్కన ఒక పాత ఫోన్ పెట్టాను. మిషన్లు దానికి ఎప్పుడు తగులుకుంటున్నాయో, ఎప్పుడు తెగిపోతున్నాయో నిమిషాలతో సహా రాసుకునే చిన్న ప్రోగ్రాం అందులో వేశాను.

మొదటి వారం నాది ఏ షిఫ్టు. పొద్దున్న ఆరింటికి ఎక్కి రెండింటికి దిగుతాను. లాగ్ తెరిచి చూసి నోరు వెళ్ళబెట్టాను. పొద్దున్నంతా కనెక్షన్ చక్కగా ఉంది. సోమవారం రెండూ నలభైకి తెగింది. మంగళవారం రెండూ ముప్పై ఎనిమిది. బుధవారం రెండూ నలభై మూడు. ఇంత క్రమం తప్పకుండా తెగుతోందంటే ఆ వేళకి చుట్టుపక్కల ఏదో ఆన్ అవుతున్నట్టే. నీళ్ళ మోటారని ఒకడు, పక్కింటి ఓవెనని ఒకడు. నేను సిగ్గు విడిచి పై క్వార్టరాయన తలుపు కొట్టి, రోజూ రెండూ నలభైకి మీరేం వాడతారండీ అని అడిగాను. "భోంచేసి పడుకుంటాం" అన్నాడాయన, తలుపు సగం వేసేస్తూ.

రెండో వారం బీ షిఫ్టు. మధ్యాహ్నం బయల్దేరి వెళతాను, తిరిగొచ్చేసరికి నాన్న నిద్రపోతాడు. ఆ వారం లాగ్ చూసి నాకు మతి పోయింది. మొత్తం తిరగబడింది. పొద్దున్నంతా కనెక్షనే లేదు. ఒంటిగంటా పాతిక్కి తగులుకుని, నాన్న పడుకునే దాకా దివ్యంగా ఉంది. నా వీక్లీ ఆఫ్ రోజున అయితే పొద్దున్నించీ రాత్రి దాకా సున్నా. రెండు వారాల లాగ్ గ్రూపులో పెట్టి, పక్కనే నా షిఫ్టులు కూడా రాశాను, ఆ వేళల్లో నేను చూడగలిగానా లేదా తెలియాలని.

"మోటారు కాదు బావా" అని రాశాడు పాత ఊరి స్నేహితుడు. "నువ్వున్నప్పుడే ఇంట్లో ఏదో ఉంటంది. నువ్వెల్తే అది కూడా ఎల్లిపోతంది."

నేను కుర్చీలోంచి లేచిపోయాను. నా ఫోన్. యాప్ ఉన్నది అందులోనే కదా, అదే మిషన్లని లాక్కుని వదిలేస్తోంది. గ్రూపంతా ఒప్పుకుంది. మా గుంపు ఒక్క మాట మీదకి రావడం అదే మొదటిసారి. మళ్ళీ ఏ షిఫ్టు రాగానే ఫోన్ డ్యూటీలో లాకర్లో పెట్టి తాళం వేసి వచ్చాను. చేతి వాచీ కూడా బ్లూటూత్‌దే తీసెయ్యమన్నాడొకడు. అదీ తీసేశాను. బండి మీద ఇంటికొచ్చేటప్పుడు ఏదో ఘనకార్యం చేసినవాడిలా నాలో నేనే నవ్వుకున్నాను.

ఇంటికొచ్చి పాత ఫోన్ తీశాను. రెండూ నలభై ఒకటికి తెగింది.

ఆ లాగ్‌ని కంప్యూటర్లోంచి గ్రూపులో పెట్టాను. ఏడుగురం ఎప్పుడూ నోరు మూయని మనుషులం. ఆ రోజు మోటారన్నవాడు ఏదో రాసి, చెరిపేశాడు. ఓవెనన్నవాడూ అంతే. పది నిమిషాలకి పాత ఊరి నుంచి ఇంట్లో ఫోన్‌కి కాల్ వచ్చింది.

"బావా, ఫోన్ తీసీసినావు. వాచీ తీసీసినావు. ఇంక ఆ టైంకి ఇంట్లోకి వచ్చీది ఏటి మిగిలింది?"

"ఏటీ లేదు."

"నువ్వున్నావు కదా బావా" అన్నాడు మెల్లగా.

తల కొట్టేసినట్టయింది. వారాల తరబడి నేనే లాగ్ తీసి, నిమిషాలు కూడా చెక్కుచెదరకుండా, ఆరుగురి ముందు పెట్టింది అదన్నమాట. మా నాన్నకి నా మాట వినబడటం ఇష్టం లేదని. నాకంటే ముందు వాళ్ళకి తెలిసిపోయింది. దుప్పటి కప్పినవాడికి కూడా తెలిసిపోయింది.

వంటింట్లోకి వెళ్ళాను. మా ఆవిడ గోదావరి వైపు మనిషి, పోర్టు ఉద్యోగుల ఇంట్లో పెరిగింది. ఆమెని సూటిగా అడిగాను, "నాన్న నేనున్నప్పుడు మిషన్ ఆపేత్తన్నాడా?"

ఆమె స్టవ్ తగ్గించింది. "అవునండి. మీ బండి చప్పుడు గేటు దగ్గర వినబడగానే చెవి వెనకాల బటన్ నొక్కేసుకుంటారు. మీరెళ్ళాక మళ్ళీ నొక్కుకుంటారు. నాతో బాగానే మాట్లాడతారు."

"మరి నాకెందుకు సెప్పలేదు?"

"చెబితే మీరు లాగ్ అడుగుతారు కదండీ."

గేటు దగ్గర బండి చప్పుడు లోపలి గదిలో వినబడుతోందంటే, అందులోనూ అది నా బండేనని తెలుస్తోందంటే, మిషన్లు బ్రహ్మాండంగా పనిచేస్తున్నాయి. నేను కోరుకున్నంత బాగా పనిచేస్తున్నాయి.

నాన్న వరండాలో కుర్చీలో ఉన్నాడు. ఎదురుగా కింద కూర్చుని చెవి వైపు వేలు చూపించాను. ఆయనకి అర్థమైంది. "ఫోనేదీ?" అన్నాడు. ఖాళీ చేతులు చూపించాను. అప్పుడు రెండు చెవుల వెనకా బటన్లు నొక్కుకున్నాడు.

"ఎందుకు నాన్నా?" అన్నాను.

"నువ్వొత్తే నా సెవులు నా కాడ ఉండవురా. నీ సేతిలోకి ఎల్లిపోతాయి. మనిసి మాటాడతంటే సగంలో సన్నబడిపోతాది. ఉన్నట్టుండి హోరెత్తుతాది. ఆపీసుకుంటే ఏటీ వినబడదు. అది నాకు అలవాటే."

"సెప్పొచ్చు కదా నాకు."

"సెప్పినాను. నువ్వు ఫోన్ సూసుకుని, ఇప్పుడు బాగుందా అన్నావు."

ఆ మాట ఆయన కోపంగా అని ఉంటే బాగుండేది. కోపం లేదు. రోడ్డు వైపు చూసి, "ఆడొచ్చినాడు కదా, గోపాలపట్నం నుంచి" అన్నాడు.

వాడంటే నాన్నతో పాటు వర్క్‌షాపులో పక్కనే నిలబడి సుత్తి కొట్టినాయన. మిషన్లు కొన్న రెండో నెలలో, నేనింట్లో ఉన్న రోజున వచ్చాడు. గొంతు బొంగురుపోయి, మాట కష్టం మీద వస్తోంది. ఇదే వరండాలో నాన్న పక్కన కూర్చున్నాడు. నేను లోపలి గదిలో ఉన్నాను. ఆ రోజు నాకు బాగా గుర్తుంది. ముందు నుంచి వచ్చే మాట తప్ప పక్కవన్నీ నొక్కేసే సెట్టింగు ఎలా పనిచేస్తుందో గ్రూపులో వాళ్ళకి చూపిస్తూ, గీతని పైకీ కిందకీ జరుపుతూ, ఒక్కో స్క్రీన్‌షాటూ పెడుతున్నాను. అందరూ భేష్ అంటున్నారు.

"ఆడు దగ్గరకి జరిగి ఏదో అడిగినాడు" అన్నాడు నాన్న. "ఒక్క ముక్క అందలేదు. మళ్ళీ సెప్పమందామంటే ఆడికి గొంతు నొప్పి. అప్పుడే నా కొడుకు ఇంత మిసన్ కొన్నాడని ఆడికి గొప్పగా సెప్పి ఉన్నాను. సిగ్గేసింది. తలూపీసినాను."

తర్వాత సంగతి నాకు తెలుసు. ఆయన గొంతులో ఉన్నది రాచపుండట, ఆపరేషన్ చేసి స్వరపేటిక తీసేశారు. ఆసుపత్రికి నాన్నని బండి మీద తీసుకెళ్ళింది నేనే. ఇప్పుడు ఆయన ఏం చెప్పాలన్నా చిన్న పుస్తకంలో రాసి చూపిస్తాడు.

"ఇంటికొచ్చీసాక సూడ్డానికెల్తే పుస్తకంలో రాసి సూపించినాడు" అన్నాడు నాన్న. "ఆపరేసన్ సేయించుకుంటే మాట పోతాదంటన్నారు, ఏటి సెయ్యమంటావని ఆ రోజు నన్నడిగినాడంట. ఇంట్లో తలో మాటా అంటంటే, నా మాట పెకారం సేద్దామనుకున్నాడంట. నువ్వు సేయించుకోమన్నావు కాబట్టే సేయించుకున్నాను అని రాసినాడు. ఆ రోజు కాణ్ణించి నీ బండి వినబడితే నొక్కీసుకుంటన్నాను."

ఒక మనిషి తన గొంతు ఉంచుకోవాలా, వదులుకోవాలా అని అడుగుతున్న నిమిషంలో, పక్క గదిలో నేను వేలితో ఆ మాటని నొక్కేస్తున్నాను. దానికి భేష్‌లు కూడా తీసుకున్నాను. "బతికున్నాడు కదా నాన్నా" అన్నాను.

"బతికున్నాడు" అన్నాడు. "దానికి నానేటీ అన్లేదు."

తర్వాత చెయ్యి పైకెత్తి ఒక చెవి వెనకా, మరో చెవి వెనకా బటన్లు నొక్కేసుకున్నాడు. మాట అయిపోయిందన్నట్టు కుర్చీలో వెనక్కి వాలాడు.

నాకు మాత్రం అయిపోలేదు. మాట నాకే సరిగా వినబడకుండా, "నువ్వు వినకుండానే తలూపినావని ఆయనకి తెలుసా నాన్నా?" అని అడిగాను.

నా పెదాలు కదలడం నాన్న చూశాడు. తలూపాడు.