డాక్టరుకు చెప్పిన మాట

మా మేస్త్రీ సాబ్ మొన్న మంగళవారం పొద్దున పోయాడు. తాండూరులో నాపరాయి పాలిష్ పట్టడం నాకు నేర్పిన మనిషి. ఫోన్ చేసిన ఆయన బిడ్డ ఏడవలేదు. "ఊపిరి అందలే అన్నా" అని మాత్రం అంది.

ఆయనకు కోపం ముక్కు మీదే ఉండేది. పాలిషైన బండను అరచేత్తో నిమిరి, ఎక్కడ గరుకుందో చూపించి మరీ తిట్టేవాడు. సాయంత్రం మిషన్లు ఆపగానే తలా ఒక బెల్లంముక్క చేతిలో పెట్టేవాడు. దుమ్ముకు బెల్లం విరుగుడని మా రాతి పనివాళ్ల నమ్మకం. ఈ రోజు నేను తింటున్న అన్నం ఆయన నేర్పిన పనిదే.

రెండేళ్ల కింద ఆరోగ్య బీమా తీసుకున్నాడు. వయసు ఎక్కువని మొదటే ప్రీమియం ఎక్కువ వేశారు, రెండో ఏడు ఇంకా పెంచారు. రంజాన్‌కు కొత్త బట్టలు మానుకుని కట్టాడు. "నేను మంచం పడితే పిల్లలు పరేషాన్ కావద్దు" అనేవాడు.

పోయిన చలికాలం ఆయాసం మొదలైతే వికారాబాద్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రికి నేనే తీసుకుపోయాను. దగ్గు ఎన్నాళ్ల నుంచని డాక్టరు అడిగాడు. మేస్త్రీ సాబ్‌కు రోషం వచ్చింది.

"నాకు దగ్గేంది సార్? ముప్పై ఏండ్లసంది దుమ్ముకు రోజూ బెల్లం తింటున్న."

డాక్టరు రాసుకున్నాడు. నేను పక్కనే నిలబడి నవ్వాను కూడా, సిగ్గులేక.

ఆసుపత్రిలో చేర్చిన నాలుగో రోజు బీమా కంపెనీ జవాబొచ్చింది. ముప్పై ఏళ్ల జబ్బు దాచి పాలసీ తీసుకున్నారు కాబట్టి ఖర్చు ఇవ్వరట. బెల్లం తింటే జబ్బెట్లా అవుతుందని ఫోన్లో అరిచాను. ముప్పై ఏళ్లుగా దుమ్ము జబ్బని డాక్టరు రాసిన కేసు షీటులో ఉందన్నారు. చేసేది లేక వైద్యం సగంలో ఆపి ఇంటికి తెచ్చుకున్నారు.

ఇంట్లో పడుకుని కూడా ఆయన బాధ డబ్బు గురించి కాదు. "నేను అబద్ధం చెప్పిన్నట. గా మాట కొట్టేయమని చెప్పురా" అని నన్ను బతిమాలేవాడు. ఎంత తిరిగినా ఎవరూ కొట్టేయలేదు.

ఆయన్ను మట్టిలో పెట్టి వచ్చిన మూడో రోజు అదే డాక్టరు ముందు నేను కూర్చున్నాను. నా పాలసీకి ఇంకా ఏడాది నిండలేదు. దగ్గు ఎన్నాళ్ల నుంచి అని అడిగాడు. నాకు దగ్గు మొదలై రెండు వానాకాలాలు దాటింది.

"నాలుగు రోజులు సార్" అన్నాను.

నాలుగు రోజుల దగ్గుకు ఇచ్చే మందే రాసిచ్చాడు. అదే వేసుకుంటున్నాను.