పట్టీ కింద మూసిన వరుస

ఎనిమిదేళ్లుగా ఒక కాగితం పట్టీ బరువు మోస్తున్నాను. వేలెడు వెడల్పు, జానెడు పొడవు. ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. మీకు చెబుతున్నాను.

నేను పెద్దగా చదువుకోలేదు. మట్టెవాడలో మా ఇంటి అరుగు మీద కూర్చుని లాగరిథం పట్టికలు సొంతంగా నేర్చుకున్నాను. డెబ్బైల చివర్లో ఒక కాలేజీ భౌతికశాస్త్ర ప్రయోగశాలలో లెక్కలు కట్టే పని దొరికింది. డిగ్రీలున్నవాళ్లు కూడా నా అంకెలను మళ్లీ సరిచూసేవారు కాదు. నాకున్న పరువంతా అదే.

అక్కడ పరిశోధన చేసే అతణ్ణి యాదగిరి అని పిలుస్తాను. అసలు పేరు వేరు. ధర్మసాగర్ దగ్గరి రైతు కుటుంబం. రేడియోధార్మిక పదార్థాన్ని చుక్కగా పల్చటి పొర మీద ఆరబెట్టి, బీటా విఘటనలో ఏ శక్తితో ఎన్ని ఎలక్ట్రాన్లు వస్తున్నాయో కొలిచి తెచ్చేవాడు. ఒక్కో సంఖ్యను పట్టికలోని విలువతో భాగించి, వర్గమూలం తీసి, గ్రాఫు మీద బిందువు పెట్టడం నా పని. అన్నీ కుదిరితే బిందువులు సరళరేఖ మీద పడతాయి. చుక్క మందంగా పడితే మాత్రం ఎలక్ట్రాన్లు అందులోనే కొంత శక్తి పోగొట్టుకుంటాయి. అప్పుడు తక్కువ శక్తి వైపు రేఖ పైకి లేస్తుంది.

యాదగిరి రేఖ పైకి లేచింది.

"అన్నా, సుక్క మస్తు పల్చగ పెట్టిన. లెక్క జర మల్లొకసారి చూస్తవా?" అన్నాడు.

"నా లెక్క ఎన్నడన్న తప్పిందా తమ్మీ? నాగలి పట్టిన చెయ్యి గదా, సుక్క మందంగనే పడ్తది," అన్నాను.

పక్కనున్నవాళ్లు నవ్వారు. అతనూ నవ్వాడు, చేతులు వెనక్కి పెట్టుకుని. ఆ మాట అతని పరిశోధనను నడిపించే గైడు దాకా వెళ్లింది.

పది రోజుల తర్వాత ఇంకో లెక్క కోసం పట్టికల పుస్తకం తెరిచాను. అందులో ప్రతి పేజీలో రెండు వరుసలు: ఒకటి ఎలక్ట్రాన్లకు, ఒకటి వాటికి వ్యతిరేక ఆవేశమున్న పాజిట్రాన్లకు. కన్ను పక్కకు జారకుండా, అక్కర్లేని వరుస మీద గంజితో కాగితం పట్టీ అంటించడం నా అలవాటు. యాదగిరి లెక్కకు ముందు కట్టింది పాజిట్రాన్ల లెక్క. రెండింటికీ పేజీ ఒకటే. పట్టీ ఇంకా ఎలక్ట్రాన్ల వరుస మీదే ఉంది. అంటే యాదగిరి సంఖ్యలను నేను భాగించింది పాజిట్రాన్ల విలువలతో.

అన్నం మానేసి మళ్లీ కట్టాను. బిందువులన్నీ దారం పట్టినట్టు నిలిచాయి.

గైడు గది ఇరవై రెండు అడుగుల దూరం. గుమ్మం దాకా వెళ్లాను. చేతి పని నీకు రాదు, ఇంకో దారి చూసుకొమ్మని లోపల ఆయన యాదగిరికి చెబుతున్నారు. చెప్పడానికి అదే సమయం. నేను వెనక్కి తిరిగాను. ఎందుకు? భయమా? ఉద్యోగం పోతుందని కాదు, పోయేది కాదని అప్పుడే తెలుసు. ఇకనుంచి నా అంకెలను పక్కవాడు సరిచూస్తాడే అన్న ఒక్క ఊహకే, ఒక మనిషి చదువు ఆగిపోతుంటే నోరు మూసుకున్నాను. ఆ పట్టీ ఊడదీసి జేబులో వేసుకున్నాను.

రెండేళ్ల కిందట కేసముద్రం మార్కెట్ యార్డులో కనిపించాడు. ధాన్యం తూకాలు రాస్తున్నాడు. "అన్నా, ఇప్పుడు ఏం చేస్తానవ్?" అంటూ టీ తెప్పించాడు. నిండు గ్లాసు అందిస్తుంటే ఒక్క బొట్టు తొణకలేదు. అప్పుడే చెప్పాలనుకున్నాను. అంతలో అతనే, "నా చెయ్యి మందమని ఆనాడే చెప్తివి గదన్నా," అని నవ్వాడు.

ఇన్నేళ్లూ నా మాట నమ్మి బతికాడు. నేను టీ తాగి వచ్చేశాను.

సరిచేసిన గ్రాఫు, పట్టీ ఒకే కవరులో ఉన్నాయి. అవి అతనికి అందాలి. అందించే ధైర్యం వస్తుందని మీకు మాట ఇవ్వలేను. ఈ వాక్యం మాత్రం రాయగలిగాను: అతని చెయ్యి తప్పలేదు, నా లెక్క తప్పింది. రాసి, అలవాటు కొద్దీ, రెండుసార్లు సరిచూసుకున్నాను.