చివరి అక్షరం అడగమన్న మాస్టారు

మా అమ్మాయికి ఉద్యోగం వచ్చిందండి, కంప్యూటర్ ప్రాసెసర్లను పరీక్షించే కంపెనీలో. ఈ కబురు అందరికంటే ముందు వినవలసిన మా వీధి కంప్యూటర్ మాస్టారు అంతకు కొద్దిరోజుల ముందే గుండెపోటుతో కన్నుమూశారు. 

నేను నరసాపురంలో చేపల వ్యాపారం చేసి పిల్లను చదివించినవాణ్ణి. ఏడో తరగతి దాటలేదు. అమ్మాయి ఇంజినీరింగులో చేరినప్పుడు లాప్‌టాప్ కొనడానికి ఒక్కణ్ణే భీమవరం వెళ్లి, చేపను ఎంచినట్టే ఎంచాను. తళతళలాడుతూ సన్నగా ఉన్నది పట్టుకొచ్చాను. పిల్ల చెప్పిన ప్రాసెసర్ పేరే దానిమీదా ఉంది కదా అని నా ధీమా. తీరా పెద్ద పని అప్పగిస్తే అది ఆయాసపడటం మొదలెట్టింది.

మాస్టారు దాన్ని తిరగేసి, జ్వరమొచ్చిన పిల్లాడి నుదురు చూసినట్టు అడుగున చేతి వెనకవైపు ఆనించారు. ఎవరు ఏ కంప్యూటర్ తెచ్చినా ఆయన ముందు చేసే పని అదే.

"చివరి అక్షరం చూశారా?" అన్నారు.

"పేరు అదేనండి మాస్టారూ. అమ్మాయి చెప్పిందే."

"మన ఊళ్లో సత్యనారాయణలు ఎంతమంది లేరు? ఇంటిపేరు అడక్కుండా పిల్లనిస్తారా? వీటికి ఇంటిపేరు చివర ఉంటుందండి. ఇది 'యు'. కరెంటు తక్కువ తాగుతుంది, బ్యాటరీ నిలుస్తుంది. అమ్మాయి పనికి కావలసింది 'హెచ్'. అది ఎక్కువ తాగుతుంది, ఎక్కువ మోస్తుంది."

"అయితే ఇది పాడుదా అండి?"

"ఎవరన్నారు? ఉత్తరాలు రాసుకోవడానికి బంగారం. సన్నటి పెట్టెలో గాలాడక వేడెక్కితే, కాలిపోకుండా తనంతట తానే నెమ్మదిస్తుంది. మిట్టమధ్యాహ్నం గంప మోస్తూ మీరు మాత్రం పరిగెడతారా?"

షాపువాడితో మాట్లాడి దాన్ని మార్పించింది కూడా ఆయనే. ప్రాసెసర్ లోపల పనిచేసే కోర్లు అన్నిటికంటే ఎక్కువ ఉన్నదే తీసుకుందామని నేను ఉబలాటపడితే, "ఎనిమిది మంది కూర్చుంటే చేపలు తొందరగా తోమొచ్చు. పులుసు కలపడానికి ఎనిమిది గరిటెలెందుకండీ?" అన్నారు. పని పంచుకునే వీలుంటేనే కోర్లకు విలువని నాలాంటివాడికి కూడా ఎక్కించిన మనిషి ఆయన.

మా అమ్మాయి చేత ఒకే ప్రోగ్రామును రెండు కంప్యూటర్లలో నడిపించి, "ఇది ఎందుకు వెనకబడిందో నువ్వే చెప్పు" అనేవారు. జవాబు తాను చెప్పేవారు కాదు. పిల్ల ఉక్రోషంతో ఇంటికొచ్చి అన్నం తినడం మరిచిపోయేది. ఆ ఉక్రోషమే ఈవేళ ఉద్యోగమైంది.

పరామర్శకు వెళ్లానే గాని, ఏడుస్తున్న ఇంట్లో శుభవార్త ఏ నోటితో చెప్పను? మాస్టారి భార్యే అడిగారు.

"తమ్ముడు గారూ, అమ్మాయి ఇంటర్వ్యూ ఏమైందండి?"

"తర్వాత చెబుతానండి అక్కగారూ."

"వచ్చిందన్నమాట. రాకపోతే ఈపాటికి చెప్పేసేవారు."

ఆవిడ కళ్లు తుడుచుకుని, మాస్టారి ఫోను తెచ్చి నా చేతిలో పెట్టారు.

"'మా పిల్ల ఇంటర్వ్యూకి వెళ్లింది' అని మీ అమ్మాయి గురించి ఆయన మావాళ్లందరికీ చెప్పుకున్నారండి. పెద్దకర్మ దాకా ఆగక్కర్లేదు, ఆయన బదులు మీరే చెప్పండి. ముందు రావులపాలెంలో మా ఆడపడుచుకి. తర్వాత పాలకొల్లులో మా మరిదికి, పోలవరంలో మా తమ్ముడికి, రాజమండ్రి పిన్నిగారికి. ఆఖర్న చించినాడ బాబాయిగారికి. ఆయనకి వినబడదు, కాస్త గట్టిగా చెప్పండి."